రోగము మనది - వ్రాత యెవరిది?

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత మన యాడువారి నోట దినమున కొకమాఱైనను వినబడుచుండును. తల్లి కూతురికి, అత్త కోడలికి మొట్టమొదట నేర్పు పాఠము గుట్టుగా నుండుమనియే. ఆయువు, ధనము, ఇంటిలోని లొసుగు, పుచ్చుకొను మందు మొదలగు తొమ్మిది సంగతులను పరులకు తెలుపరాదని మన నీతికారులును చెప్పియున్నారు. ఆ జాబితాలో మందును గూడ చేర్చుట గమనింపదగినది. మందు తెలిసినచో రోగము తెలియును. రోగము తెలిసినచో మనుష్యుని బలహీనత తెలియును. బలహీనత తెలిసినవారందఱును బంధువులు కారు గదా!

అయితే మన కాలమున నొక చిక్కు వచ్చిపడినది. నోటిలోని గుట్టును నోరు మూసికొని కాపాడుకొనవచ్చును. కాగితముపై నెక్కిన గుట్టు నెవరు కాపాడుదురు? ఆసుపత్రి చీటి, రక్తపరీక్ష కాగితము, ఎక్సురే, ఆశా కార్యకర్త చేతి పుస్తకము, బీమా వారి దస్తరము, వీని నన్నిటిని మ్రింగి దాచుకొను కంప్యూటరు - ఇన్నిచోట్ల మన రోగములు వ్రాయబడి యున్నవి. వైద్యవిద్వాంసులు వానిని చూచి లెక్కలు కట్టి పరిశోధనలు చేయుచున్నారు. ఇది మేలా, కీడా? మేలైనచో ఏ కట్టుబాటుతో మేలు? ఈ సంగతిని మా కొత్తగూడెమున మేము కన్నవానితోను, చదివి తెలిసికొన్నవానితోను గలిపి సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

మా వీధిలో జరిగినది

మా వీధిలో నొక సోదరి గలదు. భర్త గతించిన పిమ్మట కుట్టుమిషను నాధారము చేసికొని యిద్దఱు కూతుండ్రను పెంచుకొనుచున్నది. కొన్నియేండ్ల క్రిందట నామెకు క్షయ సోకినది. ఆఱు నెలలు విడువక మందులు మ్రింగి పూర్తిగా స్వస్థురాలైనది. ఆ మఱుసటి యేడు కొందఱు విద్యార్థులు మా వీధికి వచ్చి, ఇంటింట నున్న రోగములనుగూర్చి ప్రశ్నించి వ్రాసికొనిరి. "మీ పేరు ఎక్కడా వ్రాయము తల్లీ" అనిరి. ఆమె నమ్మి అన్నియు చెప్పినది.

కొన్నినెలలకు వారి పరిశోధనము చిన్న పుస్తకముగా అచ్చుపడి యొక సభలో పంచిపెట్టబడినది. అందామె పేరు లేదు. మాట తప్పలేదు. కాని మా వీధి పేరున్నది. ఆ క్రింద పట్టికలో "వయస్సు 38, వితంతువు, కుట్టుపని, కుమార్తెలు ఇద్దఱు, క్షయ" అని యున్నది. మా వీధిలో అట్టివా రొక్కరే. అప్పుడామె పెద్దకూతురికి సంబంధము చూచుచున్నారు. ఆ పుస్తకము చేతులు మాఱి మగపెండ్లివారి యింటికి జేరినది. వారు మఱల రాలేదు. రోగము నయమైనదని పట్టికలో లేదు. ఉన్నను వారు నమ్మియుందురో లేదో!

"పేరు రాయలేదు గదా అక్కా, మరి నన్నెట్లా గుర్తుపట్టారు?" అని యామె మమ్ము నడిగినది. ఆనాడు మాకు ప్రత్యుత్తరము తోచలేదు. దానిని వెదకుచు పోగా తెలిసిన విషయములే యీ వ్యాసము.

వ్రాతలవలన లోకమునకు మేలు

ముందుగా నొకమాట. ఈ కష్టమును జూచి "ఇక నెవరికిని ఏమియు చెప్పరాదు" అని తలుపు మూసికొనుట మా యభిప్రాయము కాదు. అట్లు మూసికొన్నచో మొదట నష్టపోవునది మావంటి బొగ్గుసీమవారే.

కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల కంపెనీకి ముఖ్యస్థానము. 1871లో డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920 నుండి కంపెనీ సింగరేణి పేరిట నడచుచున్నది. మా యూర నెవరినడిగినను తాతయో, తండ్రియో, భర్తయో "బాయి"లో పనిచేసినవారే. బొగ్గు త్రవ్వునప్పుడు లేచెడి సన్నని ధూళి ముక్కున వడియక ఊపిరితిత్తుల లోతునకు పోయి పేరుకొనును. ఏండ్లు గడచినకొలది అచ్చట మచ్చలు గట్టి, తిత్తి మెత్తదనము తప్పి, ఆయాసము కలుగును. దీనికి న్యూమోకొనియోసిస్ అని పేరు. ఒకసారి యేర్పడిన మచ్చను పోగొట్టు మందు లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గము. అందుకై గని కార్మికులకు పనిలో చేరునప్పుడును, పిమ్మట నియమిత కాలమునను ఎక్సురే తీసి పరీక్షించు నియమము గని నిబంధనలలో నున్నది.

ఒక్క ఎక్సురేను జూచి ఒక్క మనుష్యుని సంగతి చెప్పవచ్చును. ఎంత ధూళి యెన్నియేండ్లు పీల్చిన నెంత ముప్పు వచ్చును, ఎవరికి రోగము ముదురును, ఎవరికి నిలిచిపోవును అని చెప్పవలయునన్న వేలకొలది ఎక్సురేలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్సు దేశమును బొగ్గుసీమయే. అచ్చట గనివారి ఊపిరితిత్తుల రోగమును శోధించుటకు కార్డిఫ్ నగరము చెంత 1945లో ఒక పరిశోధన కేంద్రము వెలసినది. అందు పనిచేసిన ఆర్చీ కాక్రేన్ అను వైద్యుడు 1950 మొదలు రోండా ఫాక్ అను లోయలో ఇంటింటికి మనుష్యులను బంపి, గనివారిని, గని మానినవారిని, ఎన్నడును గనిలో దిగనివారిని గూడ పిలిపించి ఎక్సురేలు తీయించెను. అంతటితో విడువక ఏండ్లు గడచిన పిదప ఆ మనుష్యులనే మఱల వెదకి పరీక్షించిరి. అందుచేత ఆ రోగపు నడక లోకమునకు తేటపడినది.

ఇట్టి పని మన సీమలోను జరిగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వఱకు నగరమునకు చేరువనున్న 29 గ్రామములలో గర్భిణులకును, పసిపిల్లలకును అదనపు ఆహార మిచ్చుటవలని ఫలమును శోధించిరి. ఆనాటి పసివారు పెద్దవారైన పిమ్మట వారినే మఱల కలిసికొని, కడుపులో నున్నప్పటి పోషణమునకును పెద్దతనపు గుండెజబ్బు, మధుమేహములకును గల సంబంధము నారయుచు వచ్చిరి. తల్లి తినిన ముద్ద బిడ్డ ముప్పదియేండ్లనాటి ఆరోగ్యమును ఏమాత్రము తీర్చునో తెలిసికొనవలెనన్న పాతవ్రాత లేక సాధ్యమగునా?

సోదరీమణులు ఇచ్చట నొక సూక్ష్మమును గమనింపవలెను. అదే మనుష్యుని ఇరువదియేండ్లకు మఱల కనుగొనవలెనన్న పేరు కావలెను. పేరు లేకున్న పరిశోధనము తెగును. పేరున్న గుట్టు తెగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

గుట్టు రట్టయిన నేమగును?

నగరమున నొకరి రోగము మఱియొకరికి తెలిసినను పట్టించుకొనువా రుండరు. మాయట్టి కాలనీలలో అట్లు కాదు. వరుస యిండ్లు, ఒకే షిఫ్టు, ఒకే ఆసుపత్రి, ఒకే సంత. ఇచ్చట ఆరోగ్యపు కాగితము అన్నపు కాగితమును అగును. వైద్యపరీక్షలో కార్మికుడు పనికి తగడని తేలినచో అతని యుద్యోగము పోవును. అర్హుడైన వారసునకు పని యిచ్చు నేర్పాటు సింగరేణిలో నున్నది. కావున మెడికల్ బోర్డు వ్రాసెడి యొక పంక్తి ఒక యింట తండ్రి భవిష్యత్తును, కొడుకు భవిష్యత్తును గూడ నిర్ణయించును. పరిశోధనకని తీసికొన్న ఎక్సురే పై యధికారి బల్లమీదికి పోవునను అనుమానము కలిగినచో ఏ కార్మికుడైన తన దగ్గును సరిగా చెప్పునా?

స్త్రీల సంగతి చెప్పనక్కఱలేదు. గర్భసంచి తీయించుకొనుట, గర్భము నిలువకపోవుట, మనోవ్యాధి, మూర్ఛ, క్షయ, ఎయిడ్సు - వీనిలో నేది బయటపడినను మందు పనిచేయుటకు ముందే మాటలు పనిచేయును. పుట్టింటివారిని నిందించుట, పెండ్లి చెడుట, పనినుండి తొలగించుట మన మెఱుగని విషయములు కావు. అందుచేత భయపడినవారు దాచుదురు. దాచినచో రోగము పెరుగును. దాచినవారు లెక్కలోనికి రారు. లెక్క తప్పుపడును. తప్పులెక్కపై కట్టిన వైద్యము అందఱికిని తప్పుపడును. కావున గుట్టు కాపాడుట రోగికి చేయు దయ మాత్రమే కాదు, శాస్త్రమునకు పునాదియు నదియే.

పేరు తీసివేసిన చాలునా?

ఇప్పుడు మా పొరుగు సోదరి ప్రశ్నకు వత్తము. పేరు లేకుండ మనుష్యుని గుర్తుపట్టుట ఎట్లు?

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల వైద్యపు లెక్కలను పేర్లు తీసివేసి పరిశోధకుల కిచ్చిరి. భయము లేదని పెద్దలు చెప్పిరి. 1990 తరువాతి దశాబ్దమున లటాన్యా స్వీనీ అను విద్యార్థిని ఆ లెక్కలను ఒకచేతను, 20 డాలర్లకు కొన్న కేంబ్రిడ్జి పట్టణపు వోటర్ల జాబితాను మఱియొకచేతను బట్టుకొని చూచినది. రెంటిలోను పుట్టినతేది, స్త్రీపురుష భేదము, తపాలా సంఖ్య యున్నవి. ఆ రాష్ట్రపు గవర్నరుగా నున్న విలియం వెల్డు పుట్టిన తేదినే పుట్టినవారు ఆ యూరి జాబితాలో ఆర్గురు. వారిలో పురుషులు మువ్వురు. ఆ తపాలా సంఖ్యలో నుండువాడు ఆయన యొక్కడే. ఇంకేమున్నది! గవర్నరుగారి రోగములు, మందులు అన్నియు ఆమె చేతికి వచ్చినవి. ఆమె చెడుతలంపుతో చేసిన పని కాదు. పేరు తీసివేయుట చాలదని లోకమునకు చూపించుటకు చేసినది.

మూడు ముక్కలు కలిసినచో నొక మొగము వచ్చును. లక్షమంది యున్న పట్టణములోనే అట్లయినచో ముప్పది యిండ్ల వీధిలో చెప్పవలెనా? మా సోదరి విషయమున వీధి, వయస్సు, వృత్తి, బిడ్డల సంఖ్య - నాలుగు ముక్కలు వ్రాసిరి. పేరు వ్రాయుటకును దీనికిని భేదమేమున్నది?

దీనికి ఉపాయములు లేకపోలేదు. తెలిసిన పరిశోధకులు వానిని పాటింతురు. పేరునకు బదులొక సంఖ్య వేసి, ఏ సంఖ్య యెవరిదో తెలుపు చిట్టాను వేఱొకరి తాళములో నుంచుట మొదటిది. మఱల మనుష్యుని వెదకవలసివచ్చిననే ఆ తాళము తీయవలెను. వయస్సు 38 అని గాక 30 మొదలు 40 లోపల అనియు, వీధి పేరు గాక మండలము పేరును వ్రాయుట రెండవది. ఒక గడిలో ఒకరో యిద్దఱో మాత్రమే యున్నచో ఆ గడిని అచ్చువేయక ప్రక్కగడిలో కలుపుట మూడవది. పనికి కావలసినంత మాత్రమే యడుగుట నాలుగవది. పొరుగింటామె చిటికెడు పసుపు అడిగినచో పోపులపెట్టె యంతయు ఎత్తి యిత్తుమా? క్షయను శోధించువానికి కూతుండ్ర సంఖ్య యెందులకు? పని తీఱిన పిమ్మట గుర్తులను చెఱిపివేయుట అయిదవది. మా వీధికి వచ్చిన విద్యార్థులు దుర్మార్గులు కారు. వారికి ఈ అయిదును నేర్పినవారు లేరు, అంతియే.

అడుగుట యనగా నెవరిని?

గుట్టు కాపాడుట యనగా దాచిపెట్టుట మాత్రమే కాదు. ఎవరి సంగతి వారినే యడిగి తీసికొనుటయు నందు భాగమే. ఈ పాఠమును మా సీమ మిక్కిలి కష్టముతో నేర్చినది.

2009 జూలైలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖపు క్యాన్సరు రాకుండ టీకా వేయు నొక ప్రయోగాత్మక కార్యక్రమము మొదలైనది. పాథ్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపినవి. సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేసిరి. వారిలో ననేకులు ఆశ్రమ పాఠశాలల వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. కొందఱు బాలికలు మరణించుటతో స్త్రీల సంఘములు ప్రశ్నించినవి. 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలుపబడినది. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణలో తేల్చిరి. ఆ టీకా ఉపయోగకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది. కావున టీకా మంచిచెడ్డలు ఇచ్చట మా ప్రశ్న కాదు.

మా ప్రశ్న సమ్మతి పత్రములను గూర్చి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన 72వ నివేదికలో ఆ సంగతులు చేరినవి. మన రాష్ట్రమున చూచిన 9,543 పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలు, 2,763 పత్రములపై వసతిగృహాధికారుల సంతకములు ఉన్నవట! తల్లి యడవి యంచున పల్లెలో నున్నది, బిడ్డ వసతిగృహమున నున్నది, సంతకము మూడవవారు చేసిరి. వార్డెను అన్నము పెట్టవచ్చును, చదువు చెప్పింపవచ్చును. బిడ్డ శరీరమునుగూర్చి తల్లికి బదులు "సరే" యనుట కాతడెవరు? టీకా వేసిన తరువాత బాలికల ఆరోగ్యమును కనిపెట్టి వ్రాయుటకు తగిన యేర్పాటు లేదనియు సంఘము తప్పుపట్టినది. ముందు అడుగవలసినదియు అడుగలేదు, పిదప వ్రాయవలసినదియు సరిగా వ్రాయలేదు అన్నమాట. ఒక టీకా మేలైనదైనను, అడుగక చేసినచో ఊరివారి నమ్మకము పోవును. పోయిన నమ్మకము తరువాత వచ్చు మంచిపనులకు గూడ నడ్డుతగులును.

ధర్మము పాతది, చట్టము క్రొత్తది

వైద్యుడు గుట్టు కాపాడవలెనను ధర్మము నేడు పుట్టినది కాదు. చరకసంహిత విమానస్థానపు ఎనిమిదవ అధ్యాయమున ఆచార్యుడు శిష్యునకు చేయు నుపదేశములో, రోగి యింటిలో చూచిన సంగతులను బయట వెల్లడింపరాదని స్పష్టముగా చెప్పబడినది. గ్రీకుదేశపు హిప్పోక్రటీసు పేరిట ప్రసిద్ధమైన ప్రమాణములోను ఈ మాటయే యున్నది. అయితే ఆనాడు గుట్టు వైద్యుని గుండెలో నుండెడిది. ఈనాడు వైద్యుడు, నర్సు, గుమాస్తా, బీమావాడు, కంప్యూటరువాడు, పరిశోధకుడు - ఇందఱ చేతులు మాఱుచున్నది. కావున ధర్మమునకు తోడు చట్టము కావలసివచ్చినది.

2017 ఆగస్టు 24వ తేదిని సుప్రీముకోర్టులో తొమ్మండ్రు న్యాయమూర్తులు ఏకకంఠముగా, వ్యక్తి తన సొంతసంగతులను కాపాడుకొనుట జీవించు హక్కులో భాగమని తీర్పుచెప్పిరి. ఆ యేడే భారత వైద్య పరిశోధన మండలివారు తమ నీతినియమములను సవరించి ప్రకటించిరి. పరిశోధన మొదలిడకముందే నీతిసంఘము దానిని పరిశీలింపవలెను. ఆ సంఘమున వైద్యులే గాక న్యాయము తెలిసినవారు, సామాన్యప్రజలలోనివారు, స్త్రీలును ఉండవలెను. ఊరిపెద్ద యనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కానేరదు. బిడ్డల విషయమున తలిదండ్రుల సమ్మతితోపాటు తెలివి వచ్చిన బిడ్డ యిష్టమును గూడ నడుగవలెను. పాతవ్రాతలను గుర్తులు తీసివేసి చూచునప్పుడు ఒక్కొక్కరి నడుగుట సాధ్యము కాకున్నచో ఆ సంఘమే ఆలోచించి సడలింపు నీయవచ్చును. ఈ సడలింపు గలదని మనము తెలిసికొని యుండుట మంచిది. మన వ్రాతలు మన కెఱుకలేకయే పరిశోధనలో నుండవచ్చును. కాబట్టియే నీతిసంఘము మెలకువగా నుండుట అంత ముఖ్యము.

2023 ఆగస్టులో కంప్యూటరులోని సొంతసంగతుల రక్షణకై పార్లమెంటొక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారీగా అమలులోనికి వచ్చుచున్నవి. ఈ చట్టమును పరిశోధనకు కొంత వెసులుబాటు నిచ్చినది. కాని యొక గట్టి షరతు పెట్టినది: పరిశోధనకని తీసికొన్న సంగతిని పట్టుకొని ఆ మనుష్యునిమీద ఏ నిర్ణయమును చేయరాదు. మా గనిసీమవా రీ షరతును గుండెలో వ్రాసికొనదగును. శాస్త్రమున కిచ్చిన ఎక్సురే ఉద్యోగమును తీయుటకు సాధనము కారాదు.

ఇట్టి జాగ్రత్త ఇప్పుడే యెందుకన్నచో వ్రాతలు త్వరత్వరగా కంప్యూటరున కెక్కుచున్నవి. 2021 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ఆరోగ్యపు వ్రాతలను జోడించుటకు 14 అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చు పథకమును దేశమంతట మొదలిడినది. అది యిష్టమైనవారే తీసికొనునది. 2022లో మన రాష్ట్రప్రభుత్వము ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింట రక్తపోటు, మధుమేహము మున్నగువానిని పరీక్షించి వ్రాయించినది. వీనివలన మేలు కలదు. పాతచీటి పోయినను వైద్యునికి సంగతి తెలియును. కాని చీటి పోయిన నొకరి గుట్టే పోవును. కంప్యూటరు తలుపు తెఱచుకొన్నచో ఊరి గుట్టంతయు నొక్క గడియలో పోవును.

మనము చేయవలసినది

పరిశోధకులు గుమ్మములోనికి వచ్చినప్పుడు కోపపడనక్కఱలేదు, భయపడనక్కఱలేదు. కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఈ ప్రశ్నలడుగవలెను. మీ రెవరు, ఏ సంస్థవారు? నీతిసంఘపు అనుమతి కలదా? దేనికొఱకు అడుగుచున్నారు? నా పేరు, నా వీధి, నా వయస్సు ఎచ్చట నుంచెదరు, ఎవరు చూతురు? ఫలితములు అచ్చువేయునప్పుడు నన్ను నా పొరుగువారు గుర్తుపట్టకుండ నేమి చేసెదరు? నేను కాదన్నచో నాకు దొరకు వైద్యమున కేమైన లోపము వచ్చునా? నేడు సరేయని రేపు వద్దనవచ్చునా? సక్రమమైన పరిశోధకుడు వీనికి సంతోషముతో బదులిచ్చును. విసుగుకొనువానికి మన సంగతులతో పని లేదు.

సమ్మతిపత్రము మనకు తెలిసిన భాషలో నుండవలెను. చదువురానివారికి చదివి వినిపింపవలెను. ఒక నకలు మనయొద్ద నుంచుకొనవలెను. ఆసుపత్రిలో చేరి వైద్యము చేయించుకొన్నవారు తమ వైద్యపు వ్రాతల నకళ్లు కోరినచో 72 గంటలలో నీయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమములు చెప్పుచున్నవి. మన కాగితము మనము చదువుకొనుట మన హక్కు. తప్పున్నచో దిద్దుమనుటయు న్యాయమే.

ఇక మన తప్పును గూడ నొప్పుకొందము. పొరుగామె చీటిని ఫోనులో ఫోటో తీసి "ఇదేమి రోగమో చెప్పు వదినా" అని పదిమందికి పంపుట, ఆసుపత్రి వరుసలో నిలుచుండి ముందున్నామె మందులబుడ్డి పేరు చదువుట, సంబంధము చూచునప్పుడు పిల్లయింటి రోగములను మందులషాపున నారాతీయుట - ఇవి చేయుచు పరిశోధకులను నిందించుట తగునా? కంప్యూటరుకు తాళమున్నను మన నాలుకకు తాళము లేకున్న నేమి లాభము?

మా వీధి సోదరి మాట ముగించి సెలవు తీసికొందుము. పెద్దపిల్లకు మఱుసటి సంవత్సరము మంచి సంబంధము కుదిరినది. తల్లికి క్షయ వచ్చి నయమైన సంగతి ఆమెయే ముందుగా వియ్యపురాలికి చెప్పినది. అందుకు ఆ వియ్యపురాలు, తన మామగారికి గనిలో తిత్తుల జబ్బు వచ్చిన సంగతి చెప్పి కన్నీరు పెట్టుకొన్నదట. దాచవలసినది దాచుటయు, చెప్పవలసినచోట చెప్పుటయు రెండును ఆ సంగతి యెవరిదో వారి చేతిలోనే యుండవలెను. గుట్టనగా నింతియే.

ఈ మధ్య మా వీధికి మఱియొక జట్టు వచ్చినది. క్షయ నయమైనవారి ఊపిరితిత్తులు పిమ్మట నెట్లుండునో వారు తెలిసికొనగోరుచున్నారు. ఆమె మెషను ఆపి, కండ్లజోడు సవరించుకొని, ప్రశ్నలన్నియు ఒకటొకటిగా నడిగినది. వీధిపేరు కొట్టివేయించినది. వయస్సునకు బదులు పదేండ్ల గడి వ్రాయించినది. కూతుండ్ర సంఖ్య యెందుకని యడుగగా వారు తలలూపి ఆ ప్రశ్నను తీసివేసిరి. అప్పుడు సంతకము చేసి, "నా జబ్బు వల్ల ఇంకో తల్లికి మేలైతే నాకదే చాలు, రాసుకోండి" అన్నది.